వెండితీగ శిల్పి: పనితనము, పేరు

అలంకారమను పదము కావ్యమునకును దేహమునకును సమానముగ చెల్లుచున్నది. కావ్యాలంకారమును గూర్చి లక్షణగ్రంథములు పెక్కు పుట్టినవి. దేహాలంకారమును కల్పించిన చేతిని గూర్చి పుట్టిన విమర్శ మాత్రము స్వల్పము. నగను కొనువారు తూకము చూతురు, మెరుగు చూతురు, వెల యడుగుదురు. దీనిని కల్పించిన వారెవరని యడుగువారరుదు. ఊహ యొకరిది, పని వేరొకరిది కాక, రెండును ఒక చేతిలోనే యున్న స్వతంత్ర శిల్పి విషయమున ఈ ప్రశ్న విడువరానిది. అట్టివాని పనిని పరీక్షించుటకు వెండితీగ పని తగిన యుదాహరణము.

ఈ పనికి ప్రసిద్ధికెక్కిన స్థానములు రెండు. ఒకటి ఒడిశాలోని కటకము. అచ్చట దీనిని తారకసి యందురు. రెండవది తెలంగాణమునందలి కరీంనగరము. ఒకటి ఒడియా సీమ, మరియొకటి తెలుగు సీమ. ఒడిశాలో తరతరములుగ నున్న తెలుగువారికి ఒకటి పొరుగింటి విద్య, మరియొకటి పుట్టినింటి విద్య.

పని తీరు తెలియనిదే గుణదోష విచారణ పొసగదు. వెండిని మూసలో కరగించి కడ్డీగ పోయుదురు. ఆ కడ్డీని సుత్తితో సాగగొట్టి, కమ్మచ్చు బెజ్జములలో పెద్దదాని నుండి చిన్నదానికి వరుసగ దూర్చి లాగుదురు. లాగిన కొలది తీగ బిరుసెక్కును. నడుమ నడుమ కాచి మెత్తబరుపనిచో తెగిపోవును. కల్తీ హెచ్చిన వెండి ఇంత సన్నముగ సాగదు; కావున ఈ పనికి మేలైన వెండియే కావలెను. సన్నని తీగలు రెంటిని పురిపెట్టి, అణచి చదును చేసినచో అంచున గింజలు పేర్చినట్టి నలుసు మెరుగు వచ్చును. మొదట ముదుక తీగతో ఆకుగనో పూవుగనో చట్రమును వంతురు. పిదప పురితీగను చుట్టలుగ, అలలుగ, మెలికలుగ పటకారుతో వంచి ఆ చట్రములో నింపుదురు. టంకపు పొడిని వెలిగారముతో చేర్చి చల్లి, మంటను ఊదుగొట్టముతో ఊది అతికింతురు. తుదకు కడిగి మెరుగు పెట్టుదురు.

ఇందు శిల్పి స్వాతంత్ర్య మెచ్చట నున్నది? అవధానము నెరిగిన తెలుగువారికి దీని యుత్తరము సుళువుగ తోచును. చట్రము సమస్య, లోపలి యల్లిక పూరణము. కమ్మ యేపాటి యుండవలెనో, వడ్డాణము ఎంత వెడల్పుండవలెనో, పళ్లెమునకు నెమలి కావలెనో చిలుక కావలెనో కొనువారు చెప్పుదురు. సమస్య నిచ్చిన పృచ్ఛకుడు పాదమునే యిచ్చును గాని పద్యము నియ్యడు. అట్లే, నెమలి యని చెప్పినవారు ఆ పింఛములోని ఒక్కొక కన్నును ఏ చుట్టతో నింపవలెనో చెప్పలేరు. ఒకే చట్రమును ఇరువురు పనివారు నింపినచో రెండును ఒకటి గావు. ఒకరి చుట్ట బిగువు, వేరొకరిది సడలు. ఒకరు అంచు నుండి నడిమికి నడచుదురు, వేరొకరు నడిమి నుండి విరియింతురు. ఆ భేదమే శైలి.

ఈ పనిలో ఉత్తమాధమములను తెలిసికొనుటకు మూడు చూడవలెను. మొదటిది ఖాళీ. తీగపనికి అందము తీగలో సగము, తీగల నడిమి సందులో సగము. వెలుగు ఆ సందులో నుండి రాగలిగినచో నగ తేలికగ తోచును. చట్రమంతయు కిక్కిరియ నింపిన పని, విశేషణములు మితిమీరిన సమాసము వలె ఊపిరాడనీయదు. రెండవది అతుకు. టంకము హెచ్చై పొంగినచో సందులు పూడిపోవును. తక్కువైనచో చుట్ట ఊడివచ్చును. నేర్పరి యతుకు కంటికి కానరాదు. మూడవది చట్రమునకును అల్లికకును గల పొందిక. చట్రపు తీగ మరీ లావైనచో లోపలి పని బోనులో పెట్టినట్లుండును. మరీ సన్నమైనచో ఆకృతి నిలువదు.

ఈ కొలతలతో చూచినచో రెండు ఊళ్ల పనికిని వేర్వేరు స్వభావములు కానవచ్చును. కటకపు పని దేహమును, దేవతను ఆశ్రయించి పెరిగినది. ఒడిస్సీ నర్తకి ధరించు వెండి నగలు, నడుమున మెరయు బెంగపటియా ఆ పని కెల్ల మేలైన సాక్ష్యములు. కదలుచున్న దేహముపై తీగ అల్లాడి వెలుగును విరజిమ్మును. అచ్చట తేలిక యనునది సొగసు మాత్రమే కాదు, అవసరము. 1956లో చౌధురీ బజారున మొదలైన వెండి మేఢ సంప్రదాయమున, దసరా దినములలో దుర్గాప్రతిమ వెనుక ఈ పనియే గోడవలె నిలుచును. నగకు చెల్లిన సున్నితము అంత వైశాల్యమున చెల్లునా యను శంక సహజము. దూరపు చూపునకు చుట్టలన్నియు కలిసి ఒక్క మెరుపుగ మారును. కన్ను ఘనతను చూచును గాని చేతిని చూడజాలదు.

కరీంనగరపు పనిలో నగలకంటె పాత్రలు పేరెన్నికగన్నవి: అత్తరుదానులు, పాన్‌దానులు, పళ్లెములు, పెట్టెలు. ఇవి సభామర్యాదకు చెందిన వస్తువులు. బల్లపరుపు నగకంటె ఉబ్బెత్తు పాత్రలో అల్లిక కష్టతరము. చదునున చేసిన రేకలను వంచి కూర్చునప్పుడు ఒక్క చుట్ట కదలినను వరుస చెడును. ఈ యంశమున కరీంనగరపు నేర్పు గొప్పది. కాని బహుమతి వస్తువుల గిరాకి పెరిగిన కొలది ఒకే నెమలి, ఒకే పళ్లెము మరల మరల చేయవలసి వచ్చును. కటకమున కోణార్క చక్రపు జ్ఞాపికలకు పట్టిన గతియు నిదియే. సమస్య మారనిచో పూరణము వల్లెవేతగ మారును. ఈ దోషము శిల్పిది కాదు, అడుగువారిది.

ఇక శిల్పి బ్రతుకు. నగల బేరమున వెండికి తూకము వెల, పనికి మజూరీ. తక్కిన నగలలో లోహము హెచ్చు, పని కొంత. తీగపనిలో లోహము కొంచెము, పని యంతయు. కావున తూకమును బట్టి విలువ కట్టు లోకములో అన్నిటికంటె ఎక్కువ నష్టపడునది ఈ పనియే. ఎంత నేర్పరి యైనచో అంత సన్నపు తీగ లాగును. ఎంత సన్నమైనచో నగ అంత తేలిక. ఎంత తేలికైనచో త్రాసు చెప్పు వెల అంత తక్కువ. నేర్పు పెరిగిన కొలది త్రాసులో విలువ తరుగు విద్య ఇది. అప్పు తెచ్చిన వెండితో పని చేయువాడు త్రాసుకు లోబడును. తన వెండి, తన ఊహ, తన వెల గలవాడే నిజమునకు స్వతంత్రుడు.

పేరు మాట మరియొకటి. నన్నయ మొదలు తెలుగు కవులు ఆశ్వాసాంత గద్యములో తమ పేరు నిలిపికొనిరి. నగకు అట్టి గద్య లేదు. 2021 నుండి అనేక జిల్లాలలో పసిడి నగలకు తప్పనిసరియైన ముద్ర లోహపు మేలిమిని చెప్పును గాని, ఏ చేయి చేసినదో చెప్పదు. కరీంనగరపు తీగపనికి 2007లోను, కటకపు రూపా తారకసికి 2024లోను భౌగోళిక గుర్తింపు లభించినది. ఇది మేలు, ఊరి పేరు దొంగిలింపబడకుండ కాపాడును. అయినను కాపాడునది ఊరి పేరు. ఆ చట్టమునందే పనివారు అధీకృత వినియోగదారులుగ తమ పేరు పట్టికకెక్కించుకొను వీలు గలదు. నూతనకల్పనను 2000 నాటి డిజైన్ల చట్టము క్రింద నమోదు చేయవచ్చును. కాని వెలికి రాక మునుపే దరఖాస్తు పెట్టవలెను. పని ముగించి బజారునకు పరుగెత్తు శిల్పికి ఆ నియమము తెలియజెప్పువారు కావలెను.

తాళపత్రము శిథిలమైనను కావ్యమునకు మరియొక ప్రతి దొరకవచ్చును. నగ వాడుక తప్పిన నాడు మరల మూసలో కరగును. దానికి ప్రతి లేదు. వెండి మిగులును, పూరణము నశించును. కావున సంఘములు ప్రదర్శనము పెట్టునప్పుడు వస్తువు ప్రక్కన ఊరి పేరుతో పాటు చేసినవారి పేరును వ్రాయవలెను. బహుమతి కొనువారు తూకము నడుగుటకు ముందు ఆ పేరు నడుగవలెను. పద్యము విన్నవారు కవి యెవరని యడుగుదురు. నగను చూచినవారును ఆ ప్రశ్న వేయ నేర్చిననాడు, ఈ శిల్పికి ఆశ్వాసాంత గద్య దొరికినట్లే.