ఆట ఎక్కడ ఆగాలి? బడిలో జాక్సన్ పాఠం

అమెరికా ఏడో అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ గురించి పన్నెండు, పదమూడేళ్ల పిల్లలకు చెప్పడం తేలిక కాదు. సామాన్యుల మనిషిగా పేరు తెచ్చుకుని 1828లో గెలిచినవాడూ, బానిసల చేత తన పొలాలు దున్నించుకున్నవాడూ ఆయనే. కేంద్రాన్ని ధిక్కరించిన దక్షిణ కరొలైనా రాష్ట్రాన్ని దారికి తెచ్చి దేశాన్ని కలిపి ఉంచినవాడూ, మూలవాసులను మిసిసిపీ నదికి పడమరగా పంపేసే చట్టంపై 1830లో సంతకం పెట్టినవాడూ ఆయనే. పాఠ్యపుస్తకం ఈ మంచిచెడ్డలను చెరోపక్కా రాసిపెడితే పిల్లలు వాటిని బట్టీపట్టి, ఏదో ఒక తీర్పు రాసి మరిచిపోతారు. అందుకే అక్కడి మిడిల్ స్కూళ్లలో పాత్రలు ధరించి ఆడే ఆటలకు చోటు దొరికింది. ఆరెగన్ ట్రయల్ అనే ప్రసిద్ధమైన కంప్యూటర్ ఆట కూడా 1971లో మిన్నియాపొలిస్‌లో ఎనిమిదో తరగతి చరిత్ర పాఠం కోసం పుట్టిందే. చరిత్ర అలాగే జరిగి తీరాలని లేదనీ, మనుషులు నిర్ణయించబట్టే అలా జరిగిందనీ పిల్లలకు అనుభవంలోకి తేవడంలోనే ఈ పద్ధతి విలువ ఉంది. ఆ విలువ నిలవాలంటే నిర్ణయాలను ఆడించాలి, వాటివల్ల కలిగిన బాధను మాత్రం ఆడించకూడదు.

నియమాలే పాఠమయ్యే చోట ఆట అద్భుతంగా పనిచేస్తుంది. 1824 ఎన్నికల్లో జాక్సన్‌కు 99, జాన్ క్విన్సీ ఆడమ్స్‌కు 84 ఎలక్టోరల్ ఓట్లు వచ్చాయి. ఎవరికీ మెజారిటీ లేక ఎంపిక ప్రతినిధుల సభకు చేరింది. అక్కడ రాష్ట్రానికి ఒక్కటే ఓటు. తరగతిలో ఒక్కొక్కరికి ఒక్కో రాష్ట్రం ఇచ్చి, పదమూడు ఓట్లు కూడగట్టమంటే చాలు. ముప్పై నలుగురు ప్రతినిధులున్న న్యూయార్క్‌కూ, ఒకే ఒక్కడున్న ఇల్లినాయ్‌కీ సమానమైన బలం ఎందుకని పిల్లలే అడుగుతారు. ఆడమ్స్ నెగ్గి, తనకు మద్దతిచ్చిన హెన్రీ క్లేకు విదేశాంగ మంత్రి పదవి ఇచ్చాడని తెలిసినప్పుడు, జాక్సన్ అనుచరుల ఆగ్రహం ఎంత దూరం వెళ్లిందో విడమరచి చెప్పనక్కర్లేదు. జాతీయ బ్యాంకుతో జాక్సన్ పెట్టుకున్న గొడవకూ, దాని వెంట వచ్చిన భూముల ఉత్తర్వుకూ ఇదే దారి. కాగితం నోట్లు పంచి భూముల వేలం పెట్టి, ధరలు బాగా పెరిగాక ఇకమీదట బంగారం, వెండి మాత్రమే చెల్లుతాయని ప్రకటిస్తే, ప్రభుత్వ భూములకు అలాగే చెల్లించాలన్న 1836 నాటి ఆ ఉత్తర్వు జనాన్ని ఎలా ఉక్కిరిబిక్కిరి చేసిందో ఆ క్షణంలోనే అర్థమవుతుంది.

అసలు అభ్యంతరం మూలవాసుల తరలింపు దగ్గర వస్తుంది. 1838–39లో దాదాపు పదహారు వేల మంది చెరోకీ తెగవారిని ఇళ్లు వదిలించి నడిపించారు. వారిలో నాలుగు వేల మంది వరకు చనిపోయారని అంచనా. ఆ నడకకు పాచికలూ పాయింట్లూ పెడితే అది చనిపోయినవారికి అవమానం, తరగతిలో మూలవాసుల బిడ్డ ఉంటే ఆ బిడ్డకు గాయం. ఈ అభ్యంతరం పూర్తిగా న్యాయమైనదే. అయితే అది ఆటను తోసిపుచ్చదు, దానికి హద్దు గీస్తుంది. ఈ తరలింపుకు దారితీసిన 1830 నాటి బిల్లు ప్రతినిధుల సభలో 102–97 ఓట్లతో నెగ్గింది. ముగ్గురు అటునుంచి ఇటు మారి ఉంటే వీగిపోయేది. పిల్లలు ఆడవలసింది ఈ ఓటింగునే. జాక్సన్ సొంత రాష్ట్రమైన టెన్నెసీ సభ్యుడు డేవీ క్రాకెట్ వ్యతిరేకంగా ఓటేశాడని తెలుసుకుని, తామేం చేస్తామో నిర్ణయించుకోవాలి. ఓట్లు లెక్కించాక ఆట కట్టేయాలి. ఆపైన చెరోకీలు కాంగ్రెస్‌కు పెట్టుకున్న విన్నపాలను నెమ్మదిగా చదవాలి.

మరి తరగతి ఆ బిల్లును ఓడిస్తే చరిత్ర తలకిందులు కాదా అని కొందరంటారు. నిజానికి టీచరుకు దొరికే గొప్ప అవకాశం అదే. మనం ఓడించిన బిల్లు అప్పుడెలా గెలిచిందన్న ప్రశ్న పుడుతుంది. జార్జియాలో పత్తి భూముల మీది ఆశ, బానిసల సంఖ్యలో ఐదింట మూడు వంతులు లెక్కగట్టి దక్షిణాదికి ఇచ్చిన అదనపు సీట్లు అప్పుడు చర్చకు వస్తాయి. ఈ చర్చ లేని ఆట కాలక్షేపమే. చర్చకు సమయం లేకపోతే ఆట మొదలుపెట్టకపోవడమే మేలు. సమయం ఇస్తే మాత్రం, జాక్సన్ మంచివాడా చెడ్డవాడా అన్న దగ్గరే ఆగకుండా, ఆ అయిదు ఓట్ల తేడా వెనుక ఎవరున్నారని అడగడం పిల్లలకు అలవాటవుతుంది. రేపు ఓటు వేయబోయేవారికి చరిత్ర ఇవ్వగలిగిన శిక్షణ అంతకన్నా మేలైనది లేదు.