నోటికి వచ్చి, చేతికి రానిది

పాఠం ఒక్కసారి వింటే గడగడా అప్పజెప్పే పిల్లవాడు, అదే పాఠం చదవమంటే వరసలు తప్పుతాడు, రాయమంటే వత్తులు మింగేస్తాడు. బడి దీనికి బద్ధకమని పేరు పెట్టేస్తుంది. నిజానికి ఇది చదవడాన్ని అడ్డుకునే డిస్లెక్సియా, రాయడాన్ని అడ్డుకునే డిస్‌గ్రాఫియా వంటి అభ్యసన వైకల్యం కావచ్చు. వీటికి తెలివితో సంబంధం లేదు. పైగా చురుకైన పిల్లల్లో ఇవి ఆలస్యంగా బయటపడతాయి. జ్ఞాపకశక్తితో నెట్టుకొస్తారు కాబట్టి పాస్ మార్కులు వస్తూనే ఉంటాయి, ఎవరికీ అనుమానం రాదు.

ఒడిశాలోని గంజాం జిల్లా పొలసరలాంటి చోట తెలుగు ఇళ్ల పిల్లలకు ఇంకో చిక్కుంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఆపైన ఇంగ్లీషు, హిందీ. తడబాటు కనిపిస్తే ‘ఇంటి భాష వేరు కదా’ అని సరిపెట్టుకుంటారు. అయితే కొత్త భాష తెచ్చే ఇబ్బంది మాటలోనూ కనబడుతుంది, వాడుకలో తగ్గుతుంది. ఒడియా ధారాళంగా మాట్లాడుతూ చదువులోనే ఆగిపోతుంటే, ఇంట్లో తెలుగు అక్షరాలు దిద్దించినా అదే తంటా అయితే, పరీక్ష చేయించాల్సిందే.

1995 నాటి వికలాంగుల చట్టంలో అభ్యసన వైకల్యం ఊసే లేదు. 2016 చట్టం దాన్ని 21 రకాల్లో ఒకటిగా చేర్చింది. పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు, రెండో మూడో భాషల మినహాయింపు 17వ సెక్షన్‌లో ఉన్నాయి. ఇన్ని లిపులు మోసే పిల్లలకు చివరిదే పెద్ద ఊరట.

ఈ వెసులుబాట్లకు వైకల్య సర్టిఫికెట్ కావాలి. 2024 వరకు అమల్లో ఉన్న 2018 కేంద్ర మార్గదర్శకాల లెక్కన దాన్ని 8 ఏళ్ల నుంచి ఇచ్చేవారు, 14కు, 18కి మళ్లీ పరీక్షించేవారు. ఐక్యూ 85 దాటాలన్నది అందులో ఒక షరతుగా ఉండేది. తెలివైనవాడికి సర్టిఫికెట్ ఎందుకనే మాస్టర్లకు ఇది చూపించవచ్చు. పొలసర వాళ్లు వాకబు మొదలుపెట్టడానికి బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది.

సర్టిఫికెట్ వచ్చేదాకా బడి చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. ప్రశ్న చదివి వినిపించడం, జవాబు నోటితో చెప్పించుకోవడం, బోర్డు మీది నోట్సు జిరాక్స్ ఇవ్వడం ఏ టీచరైనా చేయగలిగినవే. తల్లిదండ్రులు హెడ్మాస్టరుకు నోటిమాటగా కాక దరఖాస్తుగా రాసి, తప్పులున్న పాత నోటుపుస్తకాలు జతచేసి, రసీదు పుచ్చుకోవాలి. సమగ్ర శిక్ష పథకం కింద బ్లాకు స్థాయిలో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం పనిచేసే టీచర్ల గురించి కూడా అక్కడే అడగాలి.

ఆలస్యమైతే హక్కున్నా చేతికందదు. డిస్‌గ్రాఫియా ఉన్న అమ్మాయికి నీట్‌లో అదనపు సమయం ఇవ్వకపోవడాన్ని 2021 నవంబరులో సుప్రీంకోర్టు తప్పుపట్టింది గానీ మళ్లీ పరీక్ష పెట్టమనలేదు. మెట్రిక్ పిల్లల విషయంలోనైనా ఫారం నింపేలోపే సర్టిఫికెట్ నకలు, దరఖాస్తు బడి ద్వారా కటక్‌లోని సెకండరీ విద్యా బోర్డుకు చేరాలి.