ఆలస్యంగా అందిన పాట: మొహీనేర్ ఘోరాగులి

1975లో కలకత్తాలో గౌతమ్ చట్టోపాధ్యాయ మొదలైన ఏడుగురు యువకులు ఒక వాద్యబృందాన్ని నెలకొల్పారు. జీవనానంద దాస్ కవితనుండి గ్రహించి దానికి 'మొహీనేర్ ఘోరాగులి', అనగా మొహీన్ గుర్రాలు, అని పేరు పెట్టుకున్నారు. 1977-79 మధ్య వెలువడిన మూడు రికార్డులలో వారి పాటలు ఎనిమిదే. రవీంద్ర సంగీతానికీ, సినిమా పాటకూ అలవాటుపడిన శ్రోతలకు గిటారు, డ్రమ్ముల సరసన బావుల్ గాయకుల ఫణితి వినిపించడం మింగుడుపడలేదు. 1981 నాటికి బృందం చెదరిపోయింది.

అయినా తొలి రికార్డులోని 'హాయ్ భాలోబాసి' నేటికీ నిలిచే రచన. పికాసో, దాంతే, బీటిల్స్, డిలన్, బీథోవెన్ అంటూ ఇష్టమైనవాటిని వరుసగా పేర్కొని, చివరకు ఏదీ ఎందుకో రుచించడం లేదని ఆ పాట ఒప్పుకుంటుంది. పదహారేండ్ల మనసుకు ఇంతకన్న నిజమైన చిత్రణ అరుదు. అందులో విప్లవ నినాదం లేదు. గౌతమ్ నక్సల్బరీ ఉద్యమంలో పాల్గొని జైలుకు వెళ్ళినవారన్న సంగతి ఎరిగిన వారికి ఆ మౌనం మరింత బరువుగా తోస్తుంది.

ఆ పాటలు చేరవలసిన పదహారేండ్లవారు మాత్రం తరువాతి తరంవారు. 1992లో సుమన్ చట్టోపాధ్యాయ 'తొమాకే చాయ్'తో బెంగాలీ శ్రోతల చెవులను సిద్ధం చేశారు. 1995లో 'ఆబార్ బొచ్చొర్ కూరి పొరే' వెలువడింది. గౌతమ్ దానిని సొంత గానంగా కాక, పత్రికా సంచికవలె 'సంపాదితం'గా ప్రకటించి, కొత్త గాయకులకు చోటిచ్చారు. అందువల్ల తొంభైల కుర్రకారు తమదని గుండెకు హత్తుకున్న 'మొహీన్' నిజానికి పాత బృందం కాదు, దాని పునఃసృష్టి. పాత రికార్డులలోని గరుకుదనం ఇక్కడ కొంత నునుపెక్కింది. అది లోపమే, కాని ఆ లోపం లేకుంటే పాట కాలేజీ మెట్లదాకా వచ్చేది కాదేమో.

ఆ సంపుటిలోని 'పృథిబీటా నాకి' టెలివిజన్ పెట్టెలోకి లోకం కుదించుకుపోగా మనుషులు పరస్పరం దూరమవడాన్ని చెబుతుంది. ఉపగ్రహ ఛానెళ్ళు అప్పుడప్పుడే ఇండ్లలో ప్రవేశిస్తున్న కాలమది. 2006లో 'గ్యాంగ్‌స్టర్' అనే హిందీ చిత్రం ఈ వరుసనే తీసుకుని 'భీగీ భీగీ'గా మార్చింది. పాడినది బంగ్లాదేశ్ రాక్ గాయకుడు జేమ్స్. వరుస ఉపఖండమంతటా వ్యాపించింది; టెలివిజన్ గురించిన ఫిర్యాదు పోయి దాని స్థానంలో ప్రేమగీతం వచ్చింది. గౌతమ్ 1999లోనే మరణించారు.