నడవనివాడి పుస్తకం

చంద్రుడి మీద ఇప్పటిదాకా నడిచినవాళ్ళు 12 మంది. 1969 జులై నుంచి 1972 డిసెంబరు దాకా, 6 యాత్రల్లో. వాళ్ళలో చాలామంది జ్ఞాపకాలు పుస్తకాలుగా వచ్చాయి, ఎక్కువభాగం సహరచయితల సాయంతో. అయినా చంద్రయానం గురించి ఒక్క పుస్తకం చెప్పమంటే, అక్కడ కాలు పెట్టని మనిషి పుస్తకమే చెప్తాను. అపోలో 11లో మూడోవాడు మైకేల్ కాలిన్స్ ఇంకొకరి కలం సాయం లేకుండా రాసుకున్న ‘క్యారియింగ్ ద ఫైర్’. 1974లో వచ్చింది.

ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్ ఈగిల్‌లో కిందికి వెళ్ళాక కాలిన్స్ సుమారు 28 గంటలు కొలంబియాలో ఒక్కడే ఉన్నాడు. దాదాపు రెండు గంటలకో చుట్టు. ప్రతి చుట్టులోనూ 48 నిమిషాలు చంద్రుడి అవతల, రేడియో కూడా అందదు. కోట్లమంది టీవీల్లో చూసిన ఆ రెండున్నర గంటల నడక అతను చూడలేదు. పైనుంచి సెక్స్‌టెంట్‌తో ఎంత వెతికినా ఈగిల్ ఆనవాలే దొరకలేదు. పత్రికలవాళ్ళు దీన్నంతా ఒంటరితనం కింద జమకట్టారు. కాలిన్స్ ఒప్పుకోడు. ఒక్కడే ఉండటం తనకి బాగానే ఉందంటాడు.

అతని భయం వేరు. ఈగిల్ పైకి లేవడానికి ఉన్న ఇంజన్ ఒక్కటే. అది స్టార్టవకపోతే వాళ్ళిద్దరినీ వదిలేసి తనొక్కడే ఇంటికి రావాలి. ఈ భయాన్ని ఆరు నెలలు లోపలే దాచుకున్నానని రాస్తాడు. ఈగిల్ వంకరగా లేచినా, చాలినంత ఎత్తుకి రాకపోయినా ఎలా వెళ్ళి అందుకోవాలో 18 పద్ధతులు, 117 పేజీల్లో రాసిపెట్టుకున్నాడు.

సాఫ్ట్‌వేర్‌లో పని చేసేవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. రిలీజ్ రాత్రి ఏది ఫెయిలైతే ఏం చెయ్యాలో రాసుకున్న కాగితాలు మాకూ ఉంటాయి. మా కాగితాల్లో చివరి దారి పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్ళడం. కాలిన్స్‌కి చివరి దారి ఇద్దరు మనుషుల్ని అక్కడే వదిలి రావడం.

దీని పక్కన ఇంకో రచన పెట్టి చూడాలి. ఆ ఇద్దరూ తిరిగి రాలేకపోతే నిక్సన్ చదవడానికి విలియం సఫైర్ 1969 జులై 18న ఒక సంతాప ప్రసంగం రాసి ఉంచాడు. గంభీరమైన, చక్కటి వచనం. అందులో కాలిన్స్ పేరు లేదు. లోకం ఎలా దుఃఖపడాలో సఫైర్ ఆలోచించాడు. బతికి వచ్చినవాడు ఏ మొహం పెట్టుకుని తిరగాలో ఆలోచించింది కాలిన్స్. తాను ఇంటికైతే వస్తాడు, ఆ మచ్చ మాత్రం జన్మంతా పోదు. అదీ అతని లెక్క. పైగా తాము ముగ్గురూ ప్రాణస్నేహితులేం కారని దాచకుండా చెప్పిన మనిషి ఇలా భయపడ్డాడు. అందుకే ఆ పేజీ సఫైర్ ప్రసంగం కన్నా బరువైనది.

పుస్తకంలో ఇబ్బందులు లేకపోలేదు. సంక్షిప్తాక్షరాలు మరీ ఎక్కువ. శిక్షణ, సిమ్యులేటర్లు, జెమిని 10 యాత్ర, ఇవన్నీ దాటితే గానీ చంద్రుడు రాడు. ఓపిక కావాలి. కానీ ఆ పేజీలు వదిలేసినవాళ్ళకి ‘ఇంజన్ ఒక్కటే’ అన్న మాట ఒట్టి సమాచారం. చదివినవాళ్ళకి గుండెల్లో రాయి పడుతుంది.

జులై 21న ఆ ఇంజన్ మండింది. ఈగిల్ వచ్చి కొలంబియాని చేరింది. 117 పేజీల్లో చాలా భాగం వాడకుండానే మిగిలిపోయింది. వాటిని రాసుకున్న చెయ్యి రాసింది కాబట్టే ఈ పుస్తకాన్ని నమ్ముతాను.