వంగే కర్ర, వంగని గోడ

చెన్నై సౌకార్‌పేటలో సైకిల్ తొక్కేవాళ్ళకి ముందుగా దెబ్బ తగిలేది వేళ్ల కణుపులకి. సైకిల్లో అన్నిటికన్నా వెడల్పు హ్యాండిల్ బారుదే, దాని రెండు కొసలా ఉండేవి మన చేతులే. గోవిందప్ప నాయకన్ వీధిలో ఒకపక్క సరుకు దింపుతున్న మూడు చక్రాల బండి ఉంటుంది, ఇంకోపక్క స్కూటర్లు వరసగా నిలబెట్టి ఉంటాయి. ఆ మధ్య సందులో చక్రం పడుతుంది, పిడికిలి పట్టదు. చిన్నప్పటి నుంచీ ఈ వీధుల్లోనే తొక్కుతున్నాను కాబట్టి చేతులు ఎక్కడ ఉంచాలన్నది నాకు చిన్న విషయం కాదు.

మంచు మీద స్కీ పందేలు చూడటం మొదలుపెట్టాక ఈ ఆలోచన ఇంకా ముదిరింది. 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌కి మన దేశం నుంచి వెళ్ళింది ఒక్కడే, కశ్మీర్‌కి చెందిన ఆరిఫ్ ఖాన్. జెయింట్ స్లాలమ్‌లో 45వ స్థానంలో నిలిచాడు, స్లాలమ్ పూర్తి చెయ్యలేకపోయాడు. అంతకు చాలా ముందే, 1988లో కాల్గరీలో శైలజా కుమార్ స్లాలమ్ పూర్తి చేసి 28వ స్థానం తెచ్చుకుంది. ఆ ఆటలో వాలు పొడుగునా ఎరుపు, నీలం కర్రలు పాతి ఉంటాయి. ఒక్కటి తప్పినా పోటీలోంచి బయటికే. నేను మాత్రం గడియారం వదిలేసి వాళ్ళ చేతులే చూస్తాను.

ఒకప్పుడు ఆ కర్రలు వెదురువి. తగిలితే ఒంటికే దెబ్బ, అందుకని మనిషి మొత్తంగా కర్ర చుట్టూ తిరిగి వెళ్ళేవాడు. 1980ల్లో కర్ర మొదట్లో బందు పెట్టారు. తగిలితే వాలిపోయి మళ్ళీ లేచి నిలబడుతుంది. దాంతో ఆటే మారిపోయింది. పాదాలు కర్రకి బయటి నుంచి పోతే చాలు, ఒళ్ళు లోపలికి వాలి కర్ర మీదుగానే దూసుకుపోవచ్చు. ఎదురొచ్చే కర్రని ఆటగాడు బయటివైపు చెయ్యి ఒంటికి అడ్డంగా తెచ్చి పక్కకి తోసేస్తాడు. ఆ చేతి కణుపులకి ముందు గట్టి ప్లాస్టిక్ తొడుగు, కాళ్ళ ముందు కవచాలు, హెల్మెట్‌కి గడ్డం దగ్గర అడ్డు కమ్మీ. జెయింట్ స్లాలమ్‌లో వేగం ఎక్కువ, మలుపులు దూరదూరంగా ఉంటాయి, రెండు కర్రల మధ్య గుడ్డ కట్టి ఉంటుంది. మనిషి దాంట్లో చిక్కుకుంటే ఆ గుడ్డ ఊడి వచ్చేయాలని నియమం.

ఇందులో కొత్తగా నేర్చుకునేవాళ్ళు బోల్తాపడే చోటొకటి ఉంది. కర్రని కొట్టాలన్న ఆత్రంతో చెయ్యి చాపుతారు. చెయ్యి చాపగానే భుజం తిరుగుతుంది, బరువు బయటి స్కీ మీంచి జారిపోతుంది, మలుపు చెడుతుంది. దారి సరిగ్గా ఎంచుకుంటే కర్రే చేతి దగ్గరికి వస్తుంది, చెయ్యి దాన్ని వెతుక్కుంటూ పోనక్కర్లేదు. రెండు చేతులూ ఎప్పుడూ ముందు ఉండాలి, కంటికి కనిపిస్తూ ఉండాలి. చెయ్యి వెనకపడితే ఒళ్ళు కూడా వెనక్కి కూర్చుంటుంది. ఇక పడిపోయినప్పుడు అరచేతిలో ఉండిపోయిన ఊతకర్ర బొటనవేలిని బయటికి విరిచి దాని మొదట్లో ఉండే స్నాయువుని తెంపేస్తుంది. ఆ గాయం స్కీ ఆటగాళ్ళకి ఎంత మామూలంటే వైద్యులు దాన్ని వాళ్ళ పేరుతోనే పిలుస్తారు.

ఈ బొటనవేలి సంగతి తెలిసిన మనుషులు మా వీధిలోనూ ఉన్నారు. సరుకు బండి లాగే పెద్దాయన ఒకరు, నెల్లూరు వైపు నుంచి వచ్చిన మనిషి, ముందున్న అడ్డ కర్ర మీద నాలుగు వేళ్ళూ వేసి బొటనవేలిని వాటి పక్కనే పైన ఆనిస్తారు, కిందినుంచి చుట్టరు. ఎందుకని అడిగితే, "చక్రం గుంటలో పడితే కర్ర ఎగిరి తంతాది సామీ. చుట్టి పట్టుకుంటే వేలు దాంతోనే పోతాది" అన్నారు. ఇరుకు వచ్చేసరికి ఆయన చేతులు కర్ర కొసల నుంచి మధ్యకి జరిగిపోతాయి. ఆ జరగడం గోడ దగ్గరికి వచ్చాక కాదు, నాలుగడుగుల ముందే. వెనక తోసే కుర్రాడు మూట అంచు పట్టుకుంటే ఊరుకోరు, అరచేయి పరిచి తొయ్యమంటారు. అంచు పట్టిన వేళ్ళు గోడకీ మూటకీ మధ్య నలుగుతాయి కదా.

సైకిల్ మీద నేను పాటించేదీ ఇంచుమించు ఇదే. మోచేతులు కొంచెం వంచి ఒంటికి దగ్గరగా, రెండు వేళ్ళు బ్రేకు మీద, చూపు స్కూటర్ అద్దం మీద కాకుండా సందు అవతలి కొస మీద. అద్దాన్నే చూస్తూ పోతే చెయ్యి దానికే వెళ్ళి తగులుతుంది. అనుమానం వస్తే దిగి నడిపించడమే. ఇక్కడ ఏదీ వాలి దారి ఇవ్వదు కాబట్టి స్కీ వాళ్ళలా తోసుకుపోవడం కుదరదు.

నన్ను పట్టి ఉంచేది ఆ తేడానే. స్కీ ఆటలో చేతిని కాపాడే పని చేతికి మాత్రమే వదల్లేదు. కర్రకి బందు పెట్టారు, గుడ్డ ఊడేలా కట్టారు, కణుపులకి తొడుగు ఇచ్చారు. సౌకార్‌పేటలో ఆ భారమంతా లాగేవాడి నేర్పు మీదే పడింది. మనిషి లాగే రిక్షాలని తమిళనాడు ప్రభుత్వం 1973లో తీసేసింది. మనుషుల్ని మోసే బండి పోయింది, సరుకు మోసే బండి ఉండిపోయింది. గోడౌన్ వీధిలో బట్టల మూటలు, ఆండర్సన్ వీధిలో కాగితం కట్టలు ఇవాళ్టికీ చేతుల మీదుగా కదులుతూనే ఉన్నాయి. ఆ చేతులకి ఒక జత గ్లవ్స్ కొనిచ్చే కొట్టు నా కంటపడలేదు.

పెద్ద పథకాలేమీ అక్కర్లేదు. గోడల్లోంచి పొడుచుకొచ్చిన ఇనుప కొక్కేలు కోయించాలి. షట్టర్ల తాళం కొండీలు చేతి ఎత్తున బయటికి ఉంటే వాటిని లోపలికి మళ్ళించాలి. బండి కర్ర కొసలకి పాత టైరు ముక్క చుట్టాలి. కొందరు లాగేవాళ్ళు సొంత డబ్బుతో ఇప్పటికే చుట్టుకున్నారు. ఆ ఖర్చు సరుకు యజమానిది. కూలీ లెక్క చూసేటప్పుడే గ్లవ్స్‌కీ టైరు ముక్కకీ కూడా ఆయన డబ్బు తీసి ఇవ్వాలని నా కోరిక.