రంగస్థలేతర విద్యార్థి - నాటక పఠనం: ‘కన్యాశుల్కం’ ఒక పరిశీలన

తెలుగు విశ్వవిద్యాలయంలోనూ, హైదరాబాదు విశ్వవిద్యాలయంలోనూ రంగస్థల కళలకు ప్రత్యేక శాఖలున్నాయి. తెలుగు ఎం.ఏ. విద్యార్థికి మాత్రం నాటకం కావ్యం, నవలల సరసన చదివే ఒక ప్రక్రియ. విద్యానగర్‌లో ఉంటూ ఉస్మానియాలో చదివే విద్యార్థికి చిక్కడపల్లి త్యాగరాయ గానసభ దూరం కాదు. అయినా అతడు నాటకాన్ని ప్రధానంగా పుస్తకంలోనే ఎదుర్కొంటాడు. ఈ పఠనాన్ని కేవలం లోపంగా భావించవచ్చునా?

‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో ప్రదర్శితమై, 1897లో ముద్రితమైంది. 1909 నాటి రెండవ కూర్పును గురజాడ ఎంతగానో విస్తరించారు. ఆ నిడివి కారణంగా రంగస్థలంపై తరచుగా కనిపించేది కుదించిన రూపమే. కాబట్టి సమగ్ర నాటకం దక్కేది ప్రేక్షకునికన్నా పాఠకునికే.

అయితే పాఠకుడు కోల్పోయేదీ ఉంది. మధురవాణి ఇంట గిరీశం, రామప్పంతులు ఒకే మంచం కింద దాగే సన్నివేశమే ఇందుకు నిదర్శనం. పుటలో మాట్లాడని పాత్ర అదృశ్యమవుతుంది. రంగంపై అది ప్రేక్షకుని కళ్లెదుటే ఉంటుంది. పైనున్న మాటలకు హాస్యం కలిగేది కింద నక్కినవారి ఉనికి వల్లనే. వాచికం ఒక్కటే చదివినవారికి ఆంగిక, ఆహార్య, సాత్త్వికాలు ఊహకు విడిచిపెట్టినవే.

ఈ లోటు తీరడానికి నటనలో శిక్షణ తప్పనిసరి కాదు. ప్రతి సన్నివేశంలోనూ రంగంపై ఉండి మాట్లాడనివారెవరో గుర్తించడం, సంభాషణలను తరగతిలో పాత్రోచితంగా చదివించడం చాలు. పాత్రచిత్రణపై వ్యాసం రాయించే ప్రశ్నపత్రం మౌనపాత్రల గురించి కూడా అడిగిననాడు తెలుగు శాఖలో నాటకం దృశ్యకావ్యంగా నిలుస్తుంది.