మాటలేని నిరాకరణము

నాట్యశాస్త్రము అభినయమును ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని నాలుగు విధములుగా విభజించినది. ఇటలీ దర్శకుడు ఎత్తోరే స్కోలా 1983లో వెలువరించిన 'లె బాల్' చలనచిత్రము వీనిలో వాచికమును దాదాపు పూర్తిగా విడిచినది. జాన్-క్లోద్ పాంషెనా రంగస్థల ప్రదర్శన దీనికి మూలము. పాత్రలు మాటాడవు. 1936 మొదలు 1983 వరకు గల ఫ్రాన్సు చరిత్రము ఒకే నృత్యశాలలో, అడుగుల చేతను, బాణీల చేతను, దుస్తుల చేతను తెలియవచ్చుచున్నది.

జర్మనుల ఆక్రమణ ఘట్టమున ఒక సైనికాధికారి ఆ శాలకు వచ్చును. నగరము అతనిది, ఆజ్ఞ అతనిది. అయినను ఏ స్త్రీయు అతనితో నర్తించుట కంగీకరింపదు. తుదకు శత్రువునకు తోడ్పడు ఫ్రెంచివాడొకడే అతనికి జోడి యగును. ఈ హాస్యము కఠినమైనది. జంట నృత్యమునకు ఇరువురి సమ్మతి వలయును. సైన్యము దేశమును గెలువగలదు గాని సమ్మతిని గెలువజాలదు. ఈ సత్యమును ప్రసంగముకంటె బలముగా ఆ నిరాకరణము పలికినది.

అయితే ధిక్కారమును తెలుపు మౌనమే అపరాధమును కప్పిపుచ్చనుగలదు. ఫ్రాన్సు, ఇటలీలతోపాటు అల్జీరియాయు ఈ చిత్రనిర్మాణమున పాలుగొన్నది; ఆస్కారు పోటీకి ఇది అల్జీరియా పక్షముననే వెళ్లినది. 1830లో ఫ్రాన్సు దండెత్తి, 1962 వరకు ఏలిన దేశమది. ఈ సంగతి నెరిగిన ప్రేక్షకునకు ఆ అధికారి యూనిఫారము ఒక్క జర్మనీదిగా కనబడదు. ఒకచోట ఆక్రమింపబడిన జాతియే వేరొకచోట ఆక్రమించినది. ఆ తీర్పును పలుకు భారము ప్రేక్షకునిదే.